పెట్రోల్‌లో కడిగిన రబ్బర్లు

నాన్నా,

నీ స్పోర్ట్స్ కారు బయటికి తీయొద్దు. ముందు చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్ కారి, కింద పరిచిన అట్టముక్క తడిసిపోయింది. పెడల్ తొక్కితే అడుగుకంటా దిగిపోతోంది. తాళంచెవి నేను తీసుకెళ్తున్నాను, ఇల్లంతా వెతక్కు.

చక్రాల్ని పట్టి ఆపే బ్రేక్ కాలిపర్లు రెండూ విప్పి చూశాను. ఆయిల్ కారకుండా మొన్న వాటిలో నువ్వు వేసిన కొత్త రబ్బర్లు ఉబ్బి, మెత్తబడి చిరిగిపోయాయి. బల్ల మీది గిన్నెలో పెట్రోల్ వాసన ఇంకా పోలేదు. రబ్బర్లు పెట్రోల్‌తో కడగకూడదని, నాకు పదేళ్లప్పుడు నెత్తిన మొట్టి మరీ నేర్పింది నువ్వే కదా! ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆ గిన్నె ఎవరికీ కనబడకుండా తీసేశాను.

వచ్చేటప్పుడు కొత్తవి తెస్తాను. సాయంత్రం ఇద్దరం కలిసి బిగిద్దాం. చిన్నప్పుడు బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కేది నేను, కారు కింద పడుకునేది నువ్వు. ఈసారి కింద నేనుంటాను. తొక్కమన్నప్పుడు నువ్వు తొక్కు, చాలు.

అన్నట్టు, నువ్వు ఇంకొక్కటి మరిచిపోతే కారు అమ్మేస్తానన్నాడుగా అన్నయ్య. రబ్బర్లు పాడుచేసింది నేనేనని తనకి చెప్పాను. అడిగితే నువ్వూ అదే చెప్పు. ఇదొక్కటి మాత్రం మరిచిపోకు నాన్నా.