దూలానికి నువ్వు పెట్టిన కొక్కెం

నాయినా,

నువ్వు పోయాక కూడా పదేళ్ళు తిరిగిన ఫ్యానును ఇవాళ దించాం. మన కామాటిపుర చాల్ భవనం గోడలు బీటలిచ్చాయి, వరండాకు ఊతకర్రలు పెట్టారు. అందుకే దూలానికున్న నీ కొక్కేన్ని కూడా మార్చమన్నాను. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపేసి, దాన్ని పానాతో గుంజి చూశాడు. "ఎవరు పెట్టిన్రక్కా? కొంచెం గూడ కదుల్తలేదు" అన్నాడు.

ఆనాడు ఫ్యాను తగిలించే ముందు ఆ కొక్కేనికి తాడు కట్టి, దాన్ని చేతుల్తో పట్టుకుని నువ్వే వేలాడావు. అమ్మ తిడితే, "కింద పండేది నా బిడ్డ. నన్ను మోస్తేనే ఫ్యాను పెడ్త" అన్నావు.

ఇవాళ నేనూ తాడు పట్టుకుని, స్టూలు మీంచి కాళ్ళు తీసేశాను. నీకంటే బరువున్నాను నాయినా. అయినా ఆ ఇనుము నన్ను గాల్లో ఎత్తి పట్టుకుంది.

నీ కొక్కేనికే కొత్త ఫ్యాను తిరుగుతోంది. సరిగ్గా దాని కిందే నీ మనవరాలికి చాప పరిచాను.