ఆకుపచ్చది నొక్కకండి

మార్చి 3, సోమవారం

ఆసుపత్రిలో టోకెన్ మెషీన్ పక్కనే నా కుర్చీ. ఉద్యోగం పేరు హెల్ప్ డెస్క్. ఎర్ర బటన్ నొక్కితే టోకెన్, ఆకుపచ్చది నొక్కితే క్యాన్సిల్. ఎవరి పుణ్యమో తెలియదు. ఆకుపచ్చది నొక్కకండి అని పొద్దుటినుంచి చెప్పి చెప్పి గొంతు పోయింది.

మార్చి 4

అన్నయ్య టీవీ రిమోట్ అందుకున్నాడు. ఆకుపచ్చది వద్దు అని అరిచాను.

మార్చి 9, ఆదివారం

ఇలాంటివి సరిచేయడానికి ఒక చదువే ఉందట. యూజబిలిటీ డిజైన్. రెండేళ్ల మాస్టర్స్. వదిన వెతికిపెట్టింది. బటన్ ఎక్కడ పెట్టాలో నేర్చుకోడానికి రెండేళ్లా అన్నాడు అన్నయ్య. పెళ్ళై ఆరేళ్ళయింది, గీజర్ స్విచ్ ఏదో మీకింకా తెలీదు కదండీ అంది వదిన. అన్నయ్య పేపర్ చదవడం మొదలుపెట్టాడు.

మార్చి 16

అప్లికేషన్‌తో పాటు ఒక టెస్ట్ చేసి పంపాలి. మనం గీసిన స్క్రీన్లు ఎవరికైనా ఇచ్చి చూడాలి. సాయం చేయకూడదు. నోరు విప్పకూడదు.

కాగితాల మీద టోకెన్ మెషీన్ గీసి అమ్మ ముందు పెట్టాను. జ్వరమొచ్చింది, డాక్టర్ని ఎంచుకో అన్నాను. జనరల్ మెడిసిన్ దగ్గర అమ్మ వేలు ఆగింది. చెప్పవే, నా కూతురివే కదా అంది. అదీ రాసుకున్నాను. రాయిలా కూర్చున్నావేంటే అంది. చివరికి పిల్లల డాక్టర్ని నొక్కింది. జనరల్ మెడిసిన్ అంటే, జనరల్ స్టోర్స్ లాగా మందుల కొట్టు అనుకుందట.

వెంటనే పెద్దమ్మకు ఫోన్ చేసి, కన్నకూతురే నన్ను పిల్లల డాక్టర్ దగ్గరికి పంపిందే అని చెప్పుకుంది.

మార్చి 18

ఈ రోజు ఆసుపత్రిలోనూ పది నిమిషాలు నోరు మూసుకుని చూద్దామనుకున్నాను. ఒక పెద్దాయన వచ్చాడు. ఆకుపచ్చదే నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ నాదే మట్టిబుర్ర అని నెత్తి మీద కొట్టుకున్నాడు. ఆరోసారికి నా వల్ల కాలేదు. లేచి వెళ్లి, మట్టిబుర్ర మీది కాదండీ, దీన్ని చేసినవాళ్ళది అన్నాను. ఆయన టోకెన్ తీసుకుని, పోనీలేమ్మా, ఎవర్నీ తిట్టకు అన్నాడు.

ఇంటికొచ్చేదాకా కళ్ళు మండుతూనే ఉన్నాయి.

మార్చి 20

బటన్ల రంగులు మార్పిద్దామని సూపరింటెండెంట్ గారిని అడిగాను. అది సరిగ్గా ఉంటే ఇక నువ్వెందుకమ్మా అన్నారు, ఎంతో ప్రేమగా.

అప్లికేషన్ పంపేశాను.

ఏప్రిల్ 12

ఇంటర్వ్యూ. టెస్ట్‌లో ఎప్పుడైనా సాయం చేశావా అని ప్రొఫెసర్ అడిగారు. పెద్దాయన సంగతి మొత్తం చెప్పేశాను. ఆవిడ నన్నే చూస్తూ రాసుకున్నారు. అమ్మ పడ్డ బాధేమిటో అప్పుడు తెలిసింది.

మే 2

సీటు వచ్చింది. వంటింట్లో నిలబడి ఏడ్చాను. అన్నయ్య వచ్చి, రాలేదా, ఏడవకే, నీలాంటిది దొరక్క వాళ్ళే ఏడుస్తారు అని తల నిమిరాడు. ఇన్నేళ్లలో ఇలాంటి మాట ఒక్కటి అన్నవాడు కాదు.

నోరు విప్పకుండా కాసేపు అలాగే ఏడ్చాను.