బందరోళ్ల ఇంటి వాసాలు

మే 4, ఆదివారం

నేను కెఫే పెడతానట. చర్చి మెట్ల మీద బాపు ఎవరితోనో అంటుంటే విన్నాను. మా షారోన్‌కు ఫొటోల పిచ్చి, పాత ఇల్లు గట్లనే ఉంచి కాఫీ హోటల్ పెడతదట అని నవ్వు. అన్నయ్య జోయెల్ లెక్క వేరు. పెళ్లి తప్పించుకోవడానికి నాకు ఇదొక సాకు. నాయనమ్మ అయితే ఎవరో ఆర్కిటెక్టు కుర్రాడు తగిలాడని ఖాయం చేసుకుంది. రోజుకో పేరు పెట్టి అడుగుతోంది.

ఆ ఇల్లు నీకెందుకే అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడిగితే ఏం చెప్పేదాన్నో తెలీదు. లాల్‌దర్వాజాలో మా సందులో నిలబడి తలెత్తితే కేబుల్ వైర్లు. మా ఇంట్లో మండువాలో పడుకుంటే ఆకాశం. అంతే కారణం. కారణంలా లేదు కూడా.

మే 6

తాత బందరు వడ్రంగి. డెబ్బై ఏడు తుపానులో ఇంటి గోడలు పోయాయి, కలప మిగిలింది. దాన్ని విప్పి లారీకెత్తి తెచ్చి ఇక్కడ అచ్చం అలాగే నిలబెట్టాడు. మధ్యలో మండువా, చుట్టూ వసారా, గాలి లేపకుండా బాగా కిందికి దించిన చూరు. సందులో అందరికీ అది బందరోళ్ల ఇల్లు. వాన పడితే పెంకుల మీది నీళ్లు ఇంటి నడిమధ్యలో పడతాయి. ఇంట్ల వాన పడుడేందే, దోస్తులకు చెప్పుకోవాల్నంటే షరమైతది, అంటాడు అన్నయ్య. జీ ప్లస్ టూ ప్లాన్ ఎప్పుడో గీయించి పెట్టుకున్నాడు.

తాత ఇల్లు అన్నయ్య పేరా నా పేరా కలిపి రాశాడు. నా సంతకం లేకుండా ఆ ప్లాన్ కదలదు. అందుకే అన్నయ్యతో ఈ ఒప్పందం. పెంకులు, వాసాలు దించి బాగుచేయించి జూలై ఆఖరుకి మళ్లీ ఎక్కించాలి. లేకపోతే స్లాబుకి సంతకం పెట్టాలి. పెడతానన్నాను. అప్పటిదాకా అందరం పక్క సందులో రెండు గదుల అద్దెపోర్షన్‌లో.

మే 19

కప్పు దిగింది, కూలీలు వరస చూడకుండా దించేశారు. నలభై ఆరు వాసాలు వాకిట్లో పరిచి ఉన్నాయి. మంచి టేకు. పని అజ్మత్ అలీ చాచాది. చార్మినార్ వెనక సందులో దుకాణం, పాత తలుపులు బాగుచేస్తాడు. సున్నం పొరలు గోకితే ప్రతి వాసం కొసనా ఉలి గీతలు బయటపడ్డాయి. చాచా ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇవి నంబర్లు బేటీ, మీ తాత మస్తు హుషార్ మనిషి, ఏది ఏ గాడిల కూసుంటదో నిషాన్ పెట్టుకున్నడు, చేత్తో చెక్కిన కట్టెలు గదా, ఒకదాని జాగల ఇంకోటి పట్టదు అన్నాడు.

తర్వాత శిలువ దగ్గరికి వచ్చాడు.

వీధి వసారా చూరులో ఒక వాసానికి శిలువ ఉంటుంది. తాత చెక్కాడు. దానికి ఏటా సున్నం తగలనివ్వరు. గృహప్రవేశం ప్రార్థన దాని కిందే జరిగిందట. బాపు ఆర్టీసీలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు డ్యూటీకి పోయేముందు చెయ్యెత్తి దాన్ని తాకి పోయేవాడు. ఇప్పటికీ అంతే. చాచా దాని మీద వేలు పెట్టి, ఇది ఒకటో నంబరు, గీడికెల్లి షురూ చెయ్యమని, మా ఉస్తాద్ అయితే ఒకటో దానికి చాంద్ బొమ్మ గీస్తుండే అన్నాడు, మామూలుగా.

బాపుకి చెప్పలేదు. గీతలన్నీ నంబర్లంటే, ఆయన రోజూ తాకే శిలువా నంబరేనని చెప్పాలి. అందుకని ఏదీ చెప్పలేదు. చాచానీ చెప్పొద్దన్నాను.

జూన్ 2

చాచాకి టైఫాయిడ్. రెండు వారాలు రాడు.

జూన్ 11, సాయంత్రం 6:40

ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు. అయినా రాస్తాను.

ఆఫీసు నుంచి రాగానే బాపు ఎదురొచ్చి, కళ్లు మూసుకో బిడ్డా, ఒక చీజ్ చూపిస్త అన్నాడు. వాకిట్లో పొట్టు మోకాలి ఎత్తు. మిషన్ తెప్పించి వాసాలన్నీ చిత్రిక పట్టించాడు. కొస నుంచి కొసదాకా. చూడు ఎట్ల మెరుస్తున్నయో, నీ పని జల్ది కావాల్నని పొద్దుగాల్నుంచి ఈడనే నిలబడ్డ, ఆ పిచ్చి గీతలన్నీ సాఫ్, నాయిన శిలువ ఒక్కటి ముట్టనియ్యలే.

నలభై ఐదు నున్నటి కట్టెలు. ఒక శిలువ.

ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని అన్నాను. బాపుని నేను ఎప్పుడూ మీరు అనలేదు. ఆయన మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మాట వెనక్కి తీసుకునేంత మంచితనం నాలో లేదు, ఇప్పుడైతే.

జూన్ 12

ఫోన్ అంతా వెతికాను. శిలువవి తొమ్మిది ఫొటోలు. మిగతా వాసాలవి మూడు, అన్నీ మసక. ఫొటోల పిచ్చి అట నాకు.

జూన్ 14

అన్నయ్య ప్లాన్ పట్టుకుని వచ్చాడు. బాధగా మొహం పెట్టాలని చూశాడు గానీ కుదరలేదు. దేవుడే అడ్డం పడ్డడు, లొల్లి వద్దు చెల్లె, ఫికర్ చెయ్యకు, పైన నీకొక బాల్కనీ ఇస్త అన్నాడు. నాకు బాల్కనీ ఇస్తాడట!

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ వక్కలు కత్తిరించుకుంటూ, తల కూడా ఎత్తకుండా, నన్నేం చూస్తావే, ఆ మండువాలో నీళ్లు ఇన్నేళ్లు ఎత్తిపోసింది నేను, కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది నేను, మీ తాత ఏనాడన్నా చీపురు పట్టాడా, సముద్రం పక్కన గాలికి భయపడి అలా కట్టుకున్నాం, ఇక్కడ ఏ సముద్రం ఉందని మీ అందరికీ ఈ గోల అంది.

సాయంత్రం వెళ్లి వాకిట్లో పొట్టంతా నేనే ఊడ్చాను.

జూన్ 17

చాచా వచ్చాడు, సగం అయిపోయి. వాసాల కొసలు ఒక్కొక్కటీ తడిమి చూసి గట్టు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కో కట్టె ఎత్తి అన్ని జాగలల్ల పెట్టి చూడాలె, పట్టినకాడ ఆపాలె, దసరా దాటుతది అన్నాడు. జూలై కాదు. మొదటి దాని జాగ అయితే తెల్సు గదా అని కూడా అన్నాడు.

మొదటిది ఏంది అన్నాడు బాపు. వెనకే ఉన్నాడు, నేను చూసుకోలేదు.

చెప్పాను. అన్నీ నంబర్లని, శిలువ కూడా నంబరేనని, నెల నుంచీ నాకు తెలుసనీ. అరుస్తాడనుకున్నాను. నున్నటి కొస ఒకటి వేలితో తడిమి, ముందుగాల్నే చెప్తే ఒక్క కట్టె ముట్టనిస్తుంటినా బిడ్డా అన్నాడు.

ముట్టనిచ్చేవాడు కాదు. నాకు తెలుసు.

జూన్ 18

బాపు టీ తాగలేదు. నేనూ.

జూన్ 22, ఆదివారం

జోయెల్ స్లాబు కాగితాలు తెచ్చాడు. మాట ఇచ్చినవ్ గదా అన్నాడు. ఇచ్చాను. సంతకం పెట్టలేదు. జూలైలోనూ పెట్టను. దసరా దాటినా సరే, చాచా శిలువ వాసంతో మొదలుపెట్టి ఒక్కోటీ పట్టించి చూస్తాడు. ఈ వానాకాలం ఇంటికి కప్పు ఉండదు. మండువా మూయడం లేదు.