ఎర్రదారం కట్టిన కేబుల్

అక్కా,

నువ్వు పంపిన బావ నోటుబుక్కు అందింది. ల్యాబులో పనికొస్తుందన్నావు. దాన్ని ముట్టుకునే అర్హత నాకు లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ల్యాబులో రేడియోలను పరీక్షించే సిగ్నల్ జనరేటర్ నుంచి బయల్దేరిన సిగ్నల్ కేబుల్ చివరికి చేరేసరికి కొంత తగ్గిపోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత కలపాలో బావ కొలిచి పట్టిక రాసేవాడు. కొలిచిన కేబుల్‌కి ఎర్రదారం కట్టేవాడు.

బావ సెలవులో ఉండగా జనరేటర్ ఉన్న బల్ల జరిపారు, కేబుల్ చాల్లేదు. నేను పొడుగుది తగిలించి, దారం విప్పి దానికి కట్టాను. మంచి కేబుల్‌కి గుర్తనుకున్నాను. బావ వచ్చి ఆ దారాన్ని నమ్మాడు. పొడుగు కేబుల్లో సిగ్నల్ ఇంకా ఎక్కువ తగ్గడంతో, నలభై అంబులెన్సు రేడియోలు సరిగా అందుకోవట్లేదని, పనికిరావని రాసిచ్చాడు. అన్నీ బాగానే ఉన్నాయని వేరే ల్యాబు తేల్చింది. తప్పు బావ పట్టికదేనని ఉద్యోగంలోంచి తీసేశారు.

నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుంది: "దారం ఉన్న కేబుల్‌కే ఈ పట్టిక. కేబుల్ మారిస్తే మళ్లీ కొలవాలి."

నిన్న పాత కేబుల్ వెతికి కొలిచాను. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా బావ అంకె పొల్లుపోకుండా సరిపోయింది. జరిగిందంతా ఆఫీసుకు రాసిచ్చాను. ఇప్పుడు రాసిచ్చి ఎవరికి లాభం?

పోయే ముందురోజు ఆస్పత్రిలో, "కొలిచేటప్పుడు నా కళ్లే నన్ను మోసం చేశాయిరా" అన్నాడు బావ. "పోనీలే బావా, మనిషన్నాక పొరపాటు చెయ్యడా" అన్నాను.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను ఒక్క మాటా అననిది నువ్వొక్కడివేరా" అన్నాడు.

నీ తమ్ముడు