రత్నక్కా, నీ మొండి నెంబరు

రత్నక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. బందరులో గిల్టు నగల పూత ఆరేలోపు మనం ఆడుకున్న భాగహారాల ఆట ఇప్పుడు ఒక్కడినే ఆడుతున్నాను.

"నా ఫోన్ నెంబరు మొండిది రా, దేనితోనూ భాగించలేవు" అని పందెం కట్టావుగా. ప్రధాన సంఖ్యలతో వరసగా భాగిస్తూ వచ్చాను. ఇవాళ శేషం సున్నా! మిగిలిన భాగఫలమూ ప్రధాన సంఖ్యే. అంకెలన్నీ నగలు ముంచే పూత నీళ్ళలో మెరుస్తూ తేలుతున్నట్టనిపించింది. ఆ మైకంలో, గెలిచానని చెబుదామని నీకే ఫోన్ చేశాను.

"ఎవరండీ? మాది అవనిగడ్డ" అంది ఒకావిడ.

ఒళ్ళు మండింది. ఆ ఫోన్ కంపెనీ వెధవలకు ఆవిడకివ్వడానికి ఇంకో నెంబరే దొరకలేదా? అయినా, ఆ నెంబరు రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమని ఆవిడకే చెప్పాను.

"లోపల రెండే సంఖ్యలా బాబూ? మంచిదేనా?"

"మంచిదేనండీ. ఆ రెండిటినీ ఇంకెవరూ ముక్కలు చేయలేరు. జాగ్రత్తగా ఉంచుకోండి" అన్నాను.