లాండ్రీ వెనక గది

తమ్ముడూ, ఇది అమ్మకు ఉన్నదున్నట్టు చదువు, నీ సొంత మాటలు కలపకు.

అమ్మా, నేను బాగున్నాను. ఉద్యోగం మానేసి రోడ్డున పడ్డానని పిన్ని అంటే నమ్మకు. మేం ఆరుగురం కలిసి పెట్టుకున్న కుట్టు కేంద్రానికి అద్దె లేకుండా గది దొరికింది. లాండ్రీ ఆయన తన వెనక గది ఇచ్చారు. బదులుగా ఉతకడానికి వచ్చిన చొక్కాలకు ఊడిన గుండీలు మేం కుట్టిపెట్టాలి. సోఫాల దుకాణం వాళ్లిచ్చే మిగులు గుడ్డతో సంచులు కుడుతున్నాం.

మొన్న ఆ గది పోయేంత పనైంది. ఒక చొక్కాకు గుండీ ఒకటే ఊడితే, మాలో పెద్దామె మిగతావి రంగు కలవలేదని అన్నీ పీకి కొత్తవి కుట్టింది. ఆ చొక్కా తాలూకు మాస్టారు, "ఇది నాది కాదు. నాదానికి రెండు ఎర్ర గుండీలుంటాయి" అని భీష్మించుకు కూర్చున్నారు. లాండ్రీ ఆయన నాతో, "సాయం చెయ్యమంటే బేరం పోగొడతారేంటమ్మా, రేపటికి గది ఖాళీ చెయ్యండి" అన్నారు. పెద్దామె తొణక్కుండా చెత్తబుట్టలోంచి పాత గుండీలు ఏరి, అందరి ఎదుటే మళ్లీ కుట్టింది. మాస్టారు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఆఁ, ఇదీ నా చొక్కా" అన్నారు.

నాన్న కంట్లో చుక్కలు వేస్తున్నావా? ఇంట్లో పాత కత్తెర ఉంటే పంపు, ఇక్కడ ఆరుగురికి రెండే ఉన్నాయి.

గది కోసం నేను రాసుకెళ్లిన నాలుగు పేజీల ఒప్పందం లాండ్రీ ఆయన ఇంతవరకూ తెరవలేదు. నిన్న మాత్రం గోడ మీద నాచేత ఒక్క వాక్యం రాయించి, కింద తనే ముందు సంతకం పెట్టారు: "గది మీదే, ఊడినది తప్ప ఇంకేదీ ముట్టుకోకండి."

నాన్నకు, నానమ్మకు నా దండాలు.

మీ పెద్దమ్మాయి