నైరుతి మూల

గోషెన్, ఇండియానా
మే 2, 1965

తమ్ముడిలాంటి మరిది ఓరిన్‌కు,

జూనీని ఇకమీదట నన్నే పెంచమని రాశావు. "తల్లి పోయినా దాన్ని మీరు కాపాడారు వదినా" అన్నావు. పేపరువాళ్లూ అదే వేశారు, పిల్లకు నా ఒళ్లు అడ్డం పెట్టానట. నేను కాదని ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకుండా మాత్రం పిల్లను తీసుకోలేను.

నువ్వు డ్యూటీలో ఉండిపోయావని, ఈస్టరుకు ముందు వారం, ఆ మట్టల ఆదివారం, చెల్లి డెల్మా జూనీని తీసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చింది. సాయంత్రం రేడియోలో సుడిగాలి హెచ్చరిక విని, గాలి ఒత్తిడికి ఇల్లు పగలకుండా ఉంటుందని అలవాటు ప్రకారం కిటికీలన్నీ తెరిచిపెట్టి ముగ్గురం నేలమాళిగలోకి దిగాం. డెల్మా తిన్నగా వడ్రంగి బల్ల కిందికి దూరబోయింది. నేనే జబ్బ పట్టుకుని లాగాను.

"అక్కడ కాదే, నైరుతి మూలకి నడు! బళ్లో ఏం నేర్చుకున్నావ్?"

"అబ్బా అక్కా, గాలివానలో కూడా నీ పెత్తనమేనా!" అని నవ్వుతూనే వెళ్లి నిలబడింది.

సుడిగాలి నైరుతి నుంచే వస్తుందనీ, ఇల్లు కూలినా అవతలి వైపుకే పడుతుందనీ చిన్నప్పటి నుంచీ మాకు నూరిపోశారు. నేను మనసారా నమ్మాను.

జూనీ మాత్రం పిల్లి వెంట బల్ల కిందికి పాకింది. దాని వెనకే నేనూ దూరాను. కాపాడటానికి కాదు ఓరిన్, దాన్నీ ఆ మూలకే ఈడ్చుకుపోవడానికి. కాలు పట్టి లాగుతుంటే అది బల్లకాలు కరుచుకుని "నే రాను పో పెద్దమ్మా!" అని ఒకటే ఏడుపు. దాని వేళ్లు విడదీస్తుండగానే ఇల్లు పునాది మీంచి జరిగి, నేలమాళిగ రాతిగోడ మొత్తం ఆ మూలలోకి కూలింది. డెల్మా అరవనైనా లేదు.

ఆరు రాష్ట్రాల్లో రెండువందల డెబ్బై మంది పోయారు, నీ తప్పేముందని అందరూ ఓదారుస్తున్నారు. వాళ్లలో ఒకరిని అక్కడ నిలబెట్టింది నేను. నీ కూతురు బతికింది దాని మొండితనం వల్ల. ఇప్పుడు చెప్పు, దాన్ని నాకు ఇస్తావా?

లవీనా


టొలీడో, ఒహాయో
మే 12, 1965

వదినకు,

మీ ఉత్తరం పొయ్యిలో పడేశాను. జన్మలో మీ మొహం చూడకూడదనుకున్నాను. డెల్మా నవ్విందని ఎందుకు రాశారు? నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న మధ్యాహ్నం ఆకాశం నల్లబడితే, "దిగండ్రా, దిగండి!" అంటూ ఫోర్‌మన్ మమ్మల్ని ఫ్యాక్టరీ నేలమాళిగలోకి తోలాడు. నలభై మంది మగాళ్లం ఒక్క మూలలో కుక్కుకుని నిలబడ్డాం. గాలి పక్కనుంచి పోయాక చూసుకుంటే అది నైరుతి మూల. మీ ఉత్తరం చదివిన నేను కూడా అక్కడికే పరిగెత్తాను. అందరి ముందూ బావురుమన్నాను.

క్షమించానని రాయలేను వదినా, ఆ మాట ఇంకా నాకు రావడం లేదు. శనివారం బస్సుకు జూనీని తీసుకొస్తున్నాను. నాకొక్క మాటివ్వండి. మళ్లీ గాలి లేచిననాడు అది మీ మాట వినకపోతే, లాగకండి. అది ఎక్కడ దూరితే మీరూ అక్కడే దూరండి.

ఓరిన్